బుర్మాకాన్ నోట పెట్టిన మాట

ఉమ్సునాయ్ కట్టిన పాట లేకుండా అత్‌బాషీ లోయలో ఎవరూ మర్యాదగా మట్టిలో కలవలేదు. "నేను పోయినప్పుడు పీనాసితనం చెయ్యకండిరా, ఆవిణ్ణే పిలవండి" అని బతికుండగానే కొడుకులకు అప్పగింతలు పెట్టిన ముసలాళ్ళున్నారు. చావు కబురు తెలియగానే ఇంటి ముందు ఉన్ని గుడారం లేస్తుంది. మగవాళ్ళు బయట కర్రల మీద వంగి బావురుమంటారు. ఆడవాళ్ళు లోపల గోడవైపు మొహం తిప్పుకుని కూర్చుని కొషోక్ అనే ఏడుపు పాట పాడతారు. పోయినవాడి పెళ్ళాం పాడాలి, కూతురు పాడాలి. ఏడుపు అందరికీ వస్తుంది గాని ఏడుపుకి పాట కట్టడం అందరికీ రాదు గదా. అందుకే ఉమ్సునాయ్.

ఈ విద్య ఆవిడకు అత్తగారి దగ్గర అబ్బింది. ఆ అత్తగారు నోరు విప్పితే తిట్టు, లేకపోతే పాట. "పోయినవాడి సంగతి తర్వాత చూద్దువుగాని, ముందు ఇది ఎవరి నోట పలుకుతుందో చూడవే మొద్దూ" అనేది. "పెళ్ళాం పాడితే మొగుడు సింహం. కూతురు పాడితే అదే మనిషి వెన్నముద్ద. వదిన పాడితే ఏదో మంచివాడేలే." ఉమ్సునాయ్ దీన్ని గట్టిగానే పట్టుకుంది. కబురు తెచ్చినవాళ్ళను పోయినవాడి గుర్రం రంగు అడిగేది, ఏ కొండమీద మేపుకునేవాడో అడిగేది, తాతముత్తాతల పేర్లు అడిగేది. అసలేం జరిగిందని మాత్రం అడిగేది కాదు. పాటకు దానితో పనిలేదనుకునేది.

మా వైపు విధవ పాటలో ఒక ఆనవాయితీ ఉంది. తప్పు తనమీద వేసుకోవాలి. "నా నుదుటి రాతే నిన్ను మింగింది, నా పాదమే అచ్చిరాలేదు" అనాలి. తొంభయ్యేళ్ళు బతికి నిద్రలో పోయిన ముసలాయన పెళ్ళాం కూడా అదే అంటుంది. కూరలో ఉప్పులాంటిది ఆ మాట, ఉందా లేదా అని చూస్తారే తప్ప ఎక్కడ నుంచి వచ్చిందని ఎవరూ అడగరు. విన్నవాళ్ళు ఏడుస్తారు, తర్వాత టీ తాగుతూ ఆవిడతోనే కబుర్లు చెబుతారు.

బుర్మాకాన్ దగ్గరకు వచ్చేసరికి మాత్రం అలా జరగలేదు.

బుర్మాకాన్ మొగుడు జుమాదిల్ ఏరు దాటుతూ పోయాడు. ఎండాకాలం మధ్యాహ్నం దాటితే పైన మంచు కరిగి ఏరు పొంగుతుందని మా ఊళ్ళో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. పొద్దున్నే దాటాలి, లేకపోతే అవతలి ఒడ్డున పడుకోవాలి. జుమాదిల్ సాయంత్రం దిగాడు. గుర్రం ఒడ్డెక్కింది, మనిషి ఎక్కలేదు. పాట అడగడానికి వచ్చింది జుమాదిల్ అన్న అసనకున్. గుమ్మంలోనే కూలబడి, "ఇంటికి రావాలన్న తొందరక్కా వాడికి, ఆ తొందరే వాణ్ణి తినేసింది" అని గుండెలు బాదుకున్నాడు. ఆ తొందర ఎవరిదో ఉమ్సునాయ్ అడగలేదు. ఆవిడకు అప్పటికే పాట వినపడుతోంది.

ఆ పూటే కట్టింది, బుర్మాకాన్ పక్కన కూర్చుని చరణం చరణం నేర్పింది. బుర్మాకాన్‌కు ఒంటిమీద స్పృహ లేదు, నోట్లో పెట్టింది పెట్టినట్టు పాడింది.

*మాపటికల్లా రమ్మన్న మాట నాదే కదా,*
*మడుగులో నిన్ను ముంచిన చెయ్యి నాదే కదా.*

బయట మగవాళ్ళ ఏడుపు టక్కున ఆగిపోయింది. కర్రలమీద వంగినవాళ్ళు వంగినట్టే ఉండిపోయారు. గుడారం లోపల నుంచి ఆ నిశ్శబ్దం విన్న ఉమ్సునాయ్‌కు ఒళ్ళు జలదరించింది. చెప్పుకోకూడదు గాని, చావింట్లో ఆవిడకు కలిగింది సంతోషమే.

అందరి విషయంలోనూ ఆనవాయితీగా వదిలేసే మాటను ఈసారి ఒకడు పట్టుకున్నాడు. అసనకున్. ఎవరైనా జుమాదిల్ ఊసెత్తితే, "ఏం చేస్తాం, సాయంత్రానికి రమ్మని పట్టుబట్టింది. మనం అన్న మాట కాదుగా, తన నోటితో తనే పాడింది, అందరూ విన్నారు" అనేవాడు. పదిమందీ అదే అన్నారు. పాట కొండ దాటి పక్క లోయలోకి వెళ్ళింది, దానితో పాటు అపవాదూ వెళ్ళింది.

ఏడాది తర్వాత సంవత్సరీకం విందు వచ్చింది. అక్కడ పాట చివరిసారి పాడితే విధవ నల్లబట్ట తీసేస్తుంది, ఇక ఏడవకూడదు. దానికి ముందు బుర్మాకాన్ నూనెలో వేయించిన వేడి వేడి పిండివంట బోర్సోక్‌లు గుడ్డలో మూటగట్టుకుని ఉమ్సునాయ్ ఇంటికి వచ్చింది.

"అక్కా, ఆ చరణం మార్చిపెట్టవా."

"ఏ చరణమే?"

"రమ్మన్న మాట నాదే అన్నది. నేను రమ్మనలేదక్కా. అవతలి ఒడ్డునే పడుకో, తెల్లారి నీళ్ళు తగ్గాక రా అని చెప్పి పంపాను. మా ఆయన వెళ్ళింది తప్పిపోయిన గుర్రాల కోసం, అవి మా బావగారివి. సాయంత్రానికల్లా తోలుకురమ్మన్నది ఆ బావగారే."

"మరి ఆ రోజే చెప్పకపోయావా?"

"ఆ రోజు నాకు నా పేరు తెలుసా అక్కా?"

ఉమ్సునాయ్ టీ పోసింది. బోర్సోక్ తుంచి నోట్లో వేసుకుంది. ఆ చరణం తీస్తే పాట కుంటిదైపోతుంది, అది ఆవిడకు స్పష్టంగా తెలుసు. లోయంతటినీ ఏడిపించింది ఆ రెండు ముక్కలే. "పిచ్చిదానా, విధవలందరూ తప్పు తమమీదే వేసుకుంటారు. దాన్ని ఎవరు పట్టించుకుంటారే" అంది.

"పట్టించుకుంటున్నారక్కా."

"పాడిన పాట మార్చకూడదు. చనిపోయినవాడికి అరిష్టం."

అలాంటి నియమమేదీ లేదు. అప్పటికప్పుడు కల్పించింది. కట్టడం వచ్చినవాళ్ళకు సాకు కట్టడం ఎంతసేపు! బుర్మాకాన్ టీ ముట్టకుండా లేచి వెళ్ళి, విందులో అదే చరణం మళ్ళీ పాడింది. ఈసారి స్పృహతో పాడింది. బయట మళ్ళీ నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం మాత్రం ఉమ్సునాయ్‌కు రుచించలేదు.

బుర్మాకాన్ కూతురు నజీరా అప్పటికి అమ్మ కొంగు పట్టుకు తిరిగే పిల్ల. పెదనాన్న అసనకున్ ఇంట్లో తింటూ, పెదనాన్న మాట వింటూ పెరిగింది. తోటిపిల్లలు గొర్రెలు కాస్తూ ఆ పాట పాడుకునేవాళ్ళు, పాట బాగుంటుంది మరి. కాస్త ఊహ తెలిశాక తల్లితో ముక్తసరిగా మాట్లాడింది, ఇంకాస్త పెరిగాక అదీ మానేసింది. తలాస్ వైపు కుర్రాణ్ణి చేసుకుని వెళ్ళి, మళ్ళీ ఈ లోయలో అడుగు పెట్టలేదు. బుర్మాకాన్ ఎవరినీ ఏమీ అనలేదు. బజార్లో ఉమ్సునాయ్ ఎదురుపడితే "బాగున్నావా అక్కా" అని పలకరించేది. తిట్టినా బాగుండేదని ఉమ్సునాయ్ అనుకునేది. నజీరాకు నిజం ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే, తలాస్ ఎంత దూరమని, పిల్ల సంసారంలో నిప్పులు పోయడం ఎందుకని, వాయిదా వేసేది. పాట కట్టడానికి ఒక్క పూట పట్టలేదు, విప్పడానికి ఒక జీవితం చాల్లేదు.

మొన్న వసంతంలో బుర్మాకాన్ పోయింది. నజీరా వచ్చింది. వచ్చీ రాగానే నేరుగా ఉమ్సునాయ్ ఇంటికే వెళ్ళింది, నల్లగుడ్డ ఇంకా సరిగా కట్టుకోనేలేదు.

"పెద్దమ్మా, కూతుర్ని గనక నేను పాడాలట. నాకు ఒక్క ముక్క రావడంలేదు. నువ్వే కట్టు. ఏదో మంచిగా కట్టు. నేను క్షమించానని మాత్రం పెట్టకు, అది నా వల్ల కాదు."

"దేనికి క్షమించాలి తల్లీ?"

"తెలియనట్టు అడుగుతావేం? నాన్నను రమ్మని పట్టుబట్టి..."

"ఆ మాట మీ అమ్మది కాదు." అంది ఉమ్సునాయ్. "నాది."

అంతా చెప్పింది. గుర్రాలు ఎవరివో, ఎవరు ఏమన్నారో, మూటగట్టుకొచ్చిన బోర్సోక్‌ల సంగతి, తను కల్పించిన అరిష్టం సంగతి.

"పెదనాన్న పెట్టమన్నాడా?"

ఆయన మీదికి నెట్టేయడానికి అంత మంచి అవకాశం మళ్ళీ రాదు. "లేదమ్మా. ఆయన ఏడ్చాడంతే. నేనే పెట్టాను."

"ఎందుకు పెద్దమ్మా? మా అమ్మ నీకేం చేసింది?"

"ఏమీ చెయ్యలేదు. అది బాగుందని పెట్టాను. బయట మగాళ్ళంతా నోరు మూసుకుని వినాలని పెట్టాను."

నజీరా నవ్వబోయింది, అది నవ్వు కాలేదు. "బాగుందనా! బాగుందని నాకు అమ్మ లేకుండా చేశావా? ప్రతి పండక్కీ కబురు పంపేది పెద్దమ్మా. వచ్చినవాళ్ళకు టీ కూడా ఇవ్వకుండా పంపేశాను."

ఉమ్సునాయ్ ఇన్నేళ్ళలో ఎవరినీ అడగని మాట అడిగింది. "నువ్వేం చెప్పాలనుకుంటున్నావమ్మా?"

"నీకెందుకు చెప్పాలి? నా పాట నేనే పాడుకుంటాను" అని లేచి వెళ్ళిపోయింది.

అలాగే పాడింది. గోడవైపు తిరిగి, రాగం తప్పుతూ, ఊపిరి అందక మధ్యమధ్య ఆగుతూ.

*రమ్మనలేదట మా అమ్మ, ఉండమన్నదట మా అమ్మ,*
*ఒకరి పాట నమ్మాను, కన్నతల్లిని మానాను.*

లోపల ఆడవాళ్ళు వెక్కి వెక్కి ఏడ్చారు. ఒకావిడ ఉమ్సునాయ్ చెయ్యి నొక్కి, "ఎంత బాగా కట్టావే, కూతురంటే తల్లిని ఇలాగే వెనకేసుకు రావాలి" అంది. ఉమ్సునాయ్ చెయ్యి లాక్కుని బయటికి వెళ్ళింది. మగవాళ్ళ మధ్యకు అలా ఆడవాళ్ళు వెళ్ళరు. వరసలో చివర అసనకున్ ఉన్నాడు. ముసలివాడైపోయాడు, కర్రమీద వంగి నిజంగానే ఏడుస్తున్నాడు.

"అసనకున్, విన్నావా? అందరూ విన్నారా? ఆ పిల్ల పాడింది నిజం. బుర్మాకాన్ ఎవర్నీ రమ్మనలేదు. అప్పటి పాటలో మాట నేను కల్పించింది."

ఎవరూ తిట్టలేదు. ఒకరిద్దరు జాలిగా చూశారు. అసనకున్ కళ్ళు తుడుచుకుని, మెల్లగా, మర్యాదగానే అన్నాడు.

"పోయినావిడ మంచిదే అక్కా, కాదన్నదెవరు? కూతురు కాబట్టి అలా పాడాలి, పాడింది. కాని అప్పుడు మా తమ్ముడి పెళ్ళానికి కట్టింది నువ్వే. ఇప్పుడు ఈ పిల్లకి కట్టిందీ నువ్వే. ఎవరు పిలిస్తే వాళ్ళ నోటితో ఏడుస్తావు. నీ మాట ఏదని నమ్మమంటావు?"

"ఇది నేను కట్టలేదు!"

పెద్దలు తలలూపారు. పక్కనున్నాయన ఆవిడ భుజం తట్టి, లోపలికి వెళ్ళి కూర్చో తల్లీ, అలిసిపోయావు అన్నాడు. గుడారంలో నజీరా మళ్ళీ అందుకుంది. మగవాళ్ళు ఏడుపు ఆపి చెవులు రిక్కించారు. ఆ నిశ్శబ్దంలో ఎవరో పక్కవాడితో గుసగుసగా అన్నారు, "ముసలిదైపోయింది గాని, చెయ్యి మాత్రం తప్పలేదు చూడు."