పెన్సిల్ గీతలు

వంశవృక్షం గీయడంలో ఆ రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్‌ది ఒకటే పద్ధతి. జనన రికార్డూ డీఎన్ఏ ఫలితమూ ఏకీభవించేదాకా పెన్సిలే వాడుతుంది; సిరా ఆ తర్వాతే. పరీక్షించకుండా ఆమె సిరాతో గీసినవి రెండే గీతలు. ఒకటి నాన్న నుంచి తనకు, రెండోది నాన్న నుంచి చెల్లెలికి. ఇవాళ వచ్చిన తమిద్దరి ఫలితాన్ని చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ మొదటినుంచీ చదివింది.

"పరీక్షకని గొట్టంలో ఉమ్మమంటే ఉమ్మాను కదక్కా! ఇప్పుడు నువ్వు నోరు విప్పవేం?" అంది ఎదురుగా కూర్చున్న చెల్లెలు.

"మన తల్లి ఒకరే. తండ్రులు వేరు."

చెల్లెలి నవ్వు ఆగిపోయింది. "అంటే నేను నాన్న కూతుర్ని..."

"కానిది నువ్వో, నేనో, ఇద్దరమో. ఎవరన్నది ఇందులో లేదు. నాన్న ఎలాగూ లేరు, ఆయన తమ్ముడు, మన బాబాయి నమూనా ఇస్తే తేలుతుంది."

"ఇంకా తేలేదేముంది? నాన్న ముక్కు నీకే వచ్చిందిగా. నా గీత కొట్టెయ్."

"ముక్కు రుజువు కాదే," అంటూ అక్క కొత్త కాగితం పరిచి, నాన్న పేరు కింద రెండు గీతలు గీసింది. రెండూ పెన్సిల్‌తోనే.