బాగున్న చెయ్యి

మొన్న జారిపడి కుడిచెయ్యి వాస్తే, డాక్టరు ముందుగా నా ఎడమ మణికట్టునే పట్టి చూశాడు. మా అవ్వ గుర్తొచ్చింది.

స్వతంత్రం రాకముందు మాట. నాకు ఆరేళ్ళు. మైదుకూరు దగ్గర మా ఊళ్ళో అవ్వ తడిబండ మీద జారి, అరచెయ్యి ఆనించి పడింది. కుడి మణికట్టు గరిటెలా వంగిపోయింది. ఎముకలు కట్టే హుసేనమ్మ వచ్చి, మినపపిండిలో గుడ్డుసొన కలిపి, వెదురుబద్దలు పక్కన పెట్టుకుని, అవ్వ ఎడమచేతిని ఒత్తి చూడసాగింది.

"అది కాదు, ఈ చెయ్యి!" అని ఏడుస్తూ అరిచాను.

"తెలుసులే పాపా. బాగుండేది ఎట్లుండాదో సూస్తేనే కదా, ఇరిగిందాన్ని ఎట్ల కూర్చాల్నో తెలిసేది" అంది. అంతలోనే ఆమె వేళ్ళు ఆగాయి. "ఇది గూడా ఎప్పుడో ఇరిగి, వంకరగా అతుక్కోనుండాది. ఎవురు కట్టినారక్కా?"

"ఎవురూ కట్టల్యా" అంది అవ్వ. "కొత్త కోడల్ని అప్పుడు. బాయికాడ పడితి. పనికిరాదని పుట్టింటికి తోలేస్తారని ఎవురికీ చెప్పల్యా."

కుడిచేతికి కట్టు కట్టడం అయిపోయాక కూడా, హుసేనమ్మ ఆ ఎడమచేతిని చాలాసేపు తన ఒళ్ళోనే ఉంచుకుంది. నొప్పి లేని చేతిని ఎందుకు నిమురుతోందో ఆ వయసులో నాకు అర్థం కాలేదు.