తిరిగి చెప్పప్పా

పిళ్ళప్ప గారి లెక్కలో చెప్పిన మాట చెప్పినట్టు కాదు. విన్నవాడు దాన్ని తు.చ. తప్పకుండా తిరిగి చెప్పినప్పుడే అది చెప్పినట్టు. చిక్కబళ్ళాపురంలోని ఒక ప్రైవేటు పాల డెయిరీ కంట్రోల్ రూములో కూర్చుని, పన్నెండు ట్యాంకర్లకు వైర్‌లెస్‌లో దారి చెప్పడం ఆయన ఉద్యోగం. ఆ ఉద్యోగానికి ఈ అలవాటు అవసరమేనని అందరూ ఒప్పుకుంటారు. ఇడ్లీ తెప్పించుకోవడానికి కూడా అవసరమా అన్న దగ్గరే అభిప్రాయభేదాలు.

"రెండు ఇడ్లీ, ఒక వడ, చట్నీ ఎక్కువ, సాంబారు వద్దు. ఏం చెప్తిని?" అని ఆయన అడుగుతారు.

"రెండు ఇడ్లీ, ఒక వడ, చట్నీ ఎక్కువ, సాంబారు వద్దు. పన్నెండేండ్లుగా ఇదే చెప్తాండావు కదన్నా," అంటుంది క్యాంటీన్ మునివెంకటమ్మ.

"కడపటిది నేను చెప్పలేదే."

ఆమె కడపటిది తీసేసి మళ్ళీ చెప్పాలి. అప్పుడు ఇడ్లీ వస్తుంది.

ఇంట్లో ఆయన భార్య లక్ష్మీనరసమ్మ గారు ఈ బాధకు ఒక ఉపాయం కనిపెట్టారు. ఆయన నోరు తెరవగానే తానే చెప్పేస్తారు. "సాయంత్రం వంకాయలు తెస్తావు, సంచి మర్చిపోయి పోతావు, వంకాయలు లేకుండా వస్తావు. సరిపోయిందా?" పిళ్ళప్ప గారు ఒక్క క్షణం ఆలోచించి, మొదటి మూడో వంతు సరిగా ఉందని ఒప్పుకుంటారు.

ఒకసారి ఆయనకు కడుపులో మంట వచ్చింది. డాక్టరుకు లక్షణాలన్నీ చెప్పి, తిరిగి చెప్పమన్నారు. డాక్టరు చెప్పాడు. అందులో ఎడమ పక్కకు బదులు కుడి పక్క వచ్చింది. మళ్ళీ చెప్పించారు. మూడోసారికి డాక్టరు తన కడుపు పట్టుకున్నాడు.

నేను డెయిరీ పని మీద అక్కడున్న రోజుల్లోనే బాగేపల్లిలో ఆయన తమ్ముడి కూతురి పెళ్ళి జరిగితే నేనూ వెళ్ళాను. అక్షింతలు వేస్తూ పిళ్ళప్ప గారు పెళ్ళికొడుకుతో, "మా బిడ్డను బాగా చూసుకోవాలప్ప," అన్నారు. అతను సిగ్గుగా తల ఊపాడు.

"తల ఊపితే నాకు వినపడదు. నోటితో చెప్పు."

"బాగా చూసుకొంటాను మామా."

"ఎవర్ని?"

వెనక అక్షింతలు పట్టుకుని ఎనభై మంది నిలబడి ఉన్నారు. అతను పూర్తి వాక్యం చెప్పాడు. ఆ దంపతులు ఇప్పటికీ అన్యోన్యంగా ఉన్నారు. దానికీ దీనికీ సంబంధం ఉందని నేననను.

నాకు ఆయన పరిచయమైంది రేడియోల వల్ల. బాగేపల్లి వైపు గుట్టల మధ్య ఫోన్లకు సిగ్నల్ అందదు కాబట్టి ఆ డెయిరీ మొదటి నుంచీ వైర్‌లెస్ మీదే ఆధారపడింది. పాత సెట్లు గరగరలాడుతున్నాయని, వాటి స్థానంలో డిజిటల్ సెట్లు పెట్టి, వాటిని కంట్రోల్ రూములోని కొత్త కన్సోల్‌కు కలిపే పని బెంగళూరులో మా కంపెనీ తీసుకుంది. మాది చింతామణి కాబట్టి నన్ను పంపారు. కన్సోల్ అంటే పెద్దగా ఏమీ లేదు. ఒక కంప్యూటరు, రెండు తెరలు, ఒక మైకు. ఒక తెర మీద పన్నెండు బండ్లకు పన్నెండు గడులు. రెండో తెర మీద మ్యాపు, అందులో పన్నెండు చుక్కలు.

డిజిటల్ సెట్టులో మీట నొక్కాక కూత వినపడేదాకా ఆగాలి. ఆగకుండా మాట్లాడితే మొదటి రెండు మూడు అక్షరాలు గాలిలో పోతాయి. పిళ్ళప్ప గారు మొదటి రోజు ఆగలేదు. కెంచార్లహళ్ళికి పొమ్మంటే బండికి "హళ్ళి" మాత్రం చేరింది. ఈ జిల్లాలో సగం ఊర్లు హళ్ళిలే.

"యా హళ్ళికి?" అని డ్రైవరు తిరిగి అడిగాడు.

పిళ్ళప్ప గారు నా వైపు తిరిగారు. "చూస్తివా? తిరిగి చెప్పమనకుంటే వాడు ఇప్పుడు యాడ ఉండునో?"

"కూత వచ్చేదాకా ఆగండన్నా."

"కూత వచ్చేదాకా ఆగాల," అని ఆయన తిరిగి చెప్పారు. న్యాయంగా చెప్పాలంటే, ఆ నియమం ఆయన తనకూ వర్తింపజేసుకునేవారు.

పని ముగిసే వారంలో మేనేజర్ శ్రీనివాసమూర్తి గారు వచ్చి కన్సోల్ ముందు నిలబడ్డారు. "ఏమ్రీ పురుషోత్తమ్, ఈయప్ప ఒక్కో బండికి చెప్పి, వాళ్ళ చేత చెప్పించి ముగించేటప్పటికి నలభై నిమిషాలు పడతాండాది. ఇందులో మెసేజ్ పోతాదంట కదా? ఎంతసేపు?"

"పన్నెండు బండ్లకూ కలిపి మూడు సెకండ్లు సార్."

"ఒకటో తారీఖు నుంచి నోటిమాట బంద్," అన్నారాయన. "మెసేజ్ వస్తాది. డ్రైవర్ చదువుకొంటాడు, ఓకే మీట నొక్కుతాడు, పోతాడు. ఓకే నొక్కి కూడా వేరే దారిన పోయినవాడు నేరుగా ఇంటికి పోతాడు."

"అయితే నేను సహి చెయ్యను," అన్నారు పిళ్ళప్ప గారు. పని ముగిసిందని కాగితం మీద ఆయన సంతకం పెడితేగాని నేను బెంగళూరు వెళ్ళలేను.

"ఎందుకు చెయ్యవు?"

"ఓకే అనేది మీట సార్. మనిషి ఏమన్నాడు?"

శ్రీనివాసమూర్తి గారు వాదించలేదు. గురువారం పొద్దున మెసేజ్‌లతోనే బండ్లు నడిపి చూస్తామని, ఆ పూట పిళ్ళప్ప గారు మైకు ముట్టుకోకూడదని చెప్పి వెళ్ళిపోయారు. "ఏం చెప్తిరి సార్?" అని పిళ్ళప్ప గారు అడిగేలోపు తలుపు మూసుకుంది.

గురువారం తెల్లవారుజామున కెంచార్లహళ్ళిలో పాలు చల్లబరిచే యంత్రం చెడిపోయింది. మామూలుగా మండికల్ వెళ్ళే ఏడో బండిని ముందు కెంచార్లహళ్ళికి పంపాలి. దాంతోపాటు ఇంకో మూడు బండ్ల దారులూ మారాయి. నేనే మెసేజ్‌లు పంపాను. పన్నెండు గడులూ ఓకే జవాబుతో పన్నెండు సెకండ్లలో పచ్చబడ్డాయి. ఇంతవరకు నేను పెట్టిన ఏ కన్సోల్‌లోనూ అంత ముచ్చటైన ఫలితం రాలేదు.

పిళ్ళప్ప గారు ఆ పచ్చ గడుల వైపు, జ్వరం కొలిచే గాజుగొట్టాన్ని చూసినట్టు చూశారు. తర్వాత మైకు అందుకున్నారు.

"అన్నా, ముట్టుకోకూడదన్నారు కదా!"

ఆయన మీట నొక్కి, కూత వచ్చేదాకా ఆగారు. "అన్ని బండ్లకూ పిళ్ళప్ప. ఇప్పుడొచ్చిన మెసేజ్ నమ్మొద్దండి. ఈ కొత్త యంత్రానికి బుద్ధి సరిగా లేదు. నేను నోటితో చెప్తా, మీరు తిరిగి చెప్పండి. ఒకటో బండి, హొసూరు. తిరిగి చెప్పు."

ఆ కొత్త యంత్రాన్ని పెట్టినవాణ్ణి పక్కనే కూర్చుని ఉన్నాను. నా మెసేజ్‌లో తప్పు లేదని చూపించడానికి మ్యాపు వైపు తిరిగాను. ఏడో చుక్క కెంచార్లహళ్ళికి పోయే చింతామణి రోడ్డు వదిలేసి మండికల్ వైపు హాయిగా పోతోంది.

"అన్నా, ఏడో బండి దారి తప్పింది! ముందు అంజినప్పను పిలవండి!"

"వరస ఉండాదప్ప. రెండో బండి..."

"అక్కడ పాలు పాడైపోతాండాయి!"

"మూడో బండి, చేలూరు. తిరిగి చెప్పు. తొందర లేదు, నిదానంగా చెప్పు."

ఏడో బండి వంతు వచ్చేటప్పటికి అది ఆరు కిలోమీటర్లు పోయింది. "కెంచార్లహళ్ళి మొదట, మండికల్ తర్వాత," అని అంజినప్ప గొంతు ఖంగుమని తిరిగి చెప్పింది. చుక్క వెనక్కి తిరిగింది. పాలు దక్కాయి, చివరి నిమిషంలో.

పదకొండు గంటలకు శ్రీనివాసమూర్తి గారు బండ్లు పోయిన దారులన్నీ తెర మీద చూశారు. ఆయన కంట పడింది ఏడో బండి ఒక్కటే, దారి మారిన మిగతా మూడూ పిళ్ళప్ప గారు మైకులో చెప్పేటప్పటికి ఇంకా మళ్ళే చోటికి చేరలేదు. పాలు దక్కాయి కాబట్టి మైకు సంగతి వదిలేసి, ఆయన నాకు రెండే దారులు ఇచ్చారు. "మెసేజ్ సరిగ్గా పోయిందా, లేదా? సాయంత్రంలోగా రాసియ్యండి. తప్పు యంత్రానిదైతే వెనక్కి తీసుకుపోండి. డ్రైవర్‌దైతే అంజినప్పను ఈ పొద్దే పంపించేస్తా."

తప్పు సెట్టులో ఉండవచ్చని నేను యార్డులోకి వెళ్ళాను. అంజినప్ప బండికి నీళ్ళు కొడుతున్నాడు. యాభై దాటిన మనిషి. పద్దెనిమిదేళ్ళలో ఆ బండి మీద ఒక గీత పడనివ్వలేదని పేరు.

"సెట్టు బాగుండాదా అన్నా?"

"బంగారం మాదిరి ఉండాదప్పా."

"అక్షరాలు కనపడతాండాయా?"

"ఓ, దండిగా."

"ఇప్పుడు ఏం రాసుండాదో ఒకసారి చదువన్నా."

అంజినప్ప చేతులు తుడుచుకుని సెట్టు తీసుకున్నాడు. చేయి చాచి దూరంగా పట్టుకున్నాడు. అక్షరాల కింద వేలు పెట్టి, నెమ్మదిగా జరుపుతూ చదివాడు.

"కెంచార్లహళ్ళి మొదట. మండికల్ తర్వాత."

తెర మీద బ్యాటరీ తక్కువగా ఉందని ఇంగ్లీషులో రెండు మాటలు వెలుగుతున్నాయి.

ఆయన నా మొహం చూశాడు. నేను సెట్టు చూశాను.

"కరెక్టేనా?"

"కరెక్టే అన్నా," అన్నాను. "పోయేటప్పుడు బ్యాటరీ ఒకసారి చార్జింగ్‌కు పెట్టు."

"అదీ ఉండాదా ఇందులో?"

"కింద, చిన్నగా."

నేను తిరిగొచ్చి రిపోర్టు రాయడానికి కూర్చున్నాను. మెసేజ్ తప్పు పోయిందని రాస్తే నేను అబద్ధమాడినట్టు. సరిగ్గా పోయిందని రాస్తే అంజినప్ప ఇంటికి. గంటసేపు కూర్చుని ఇట్లా రాశాను: ఓకే అన్న జవాబు మీట నొక్కినట్టు రుజువే తప్ప విషయం అర్థమైనట్టు రుజువు కాదు. ఈ లోపం కన్సోల్‌ను నేను అమర్చిన పద్ధతిలో ఉంది. కనుక ప్రతి మెసేజ్ తర్వాత కంట్రోల్ రూము నోటితో చెప్పాలి, ప్రతి డ్రైవరూ తిరిగి చెప్పాలి. అప్పుడే అది చేరినట్టు. ఇందులో అబద్ధం లేదు. మొదటి వాక్యం పిళ్ళప్ప గారిది.

శ్రీనివాసమూర్తి గారు రెండుసార్లు చదివారు. "ఇట్లా యాడైనా చేస్తారా, మన పిళ్ళప్ప కాకుండా?"

"విమానాల్లో చేస్తారు సార్. కింది నుంచి చెప్పింది పైలట్ తిరిగి చెప్పాల."

"విమానాల్లోనా?" ఆయన కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు. అంజినప్ప మాట మళ్ళీ ఎత్తలేదు. గంటలో ఆ నియమం కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ టైపై నోటీసు బోర్డెక్కింది. డ్రైవర్లు ఒక్కొక్కరే వచ్చి దాని ముందు నిలబడి వెళ్ళారు. అంజినప్ప అందరికంటే ఎక్కువసేపు నిలబడి, బాగా రాశారన్నాడు.

మర్నాడు పిళ్ళప్ప గారు ఒంటరిగా మైకు తుడుచుకుంటున్నప్పుడు, నాకున్న తెలివిని ఆయనకు చూపించుకోకుండా ఉండలేకపోయాను.

"అన్నా, మీరు అందరి చేతా ఎందుకు తిరిగి చెప్పిస్తారో నాకు తెలిసిపోయింది."

"ఏం తెలిసింది?"

గొంతు తగ్గించాను. "అంజినప్పకు చదువు రాదు కదా."

తుడుస్తున్న గుడ్డ ఆగింది.

"అంజినప్పకు కూడానా?" అన్నారు పిళ్ళప్ప గారు.

ఆయన నన్ను తిరిగి చెప్పమనలేదు. నాకు తెలిసినంతలో అదే మొదటిసారి.

"నిద్రమత్తులో పోయినాడనుకొంటినే," అన్నారు.

"కూడా అంటే... మరి మీరు ఎవరి కోసం..."

"నువ్వు చెప్పింది నాకు వినపడలేదు. నేననింది నీకు వినపడలేదు."

"వినపడలేదన్నా." కాని ఒక సంగతి నన్ను వదల్లేదు. "పాలు పాడైపోతాండంగా వరసలో ఎందుకు పిలిచారు?"

"ఒకణ్ణి ముందు పిలిస్తే పదకొండు మంది చెవులు నిక్కిస్తారు. ఏమైంది వానికని. వరసలో పిలిస్తే ఎవని పని వానిది."

"అది సరే. ఇడ్లీ ఎందుకన్నా?"

"బండ్లను మాత్రం అడిగి ఇంకెవరినీ అడక్కపోతే, ఈడ ఏమో ఉండాదని కనిపెట్టేస్తారు. అందర్నీ అడిగితే నా పిచ్చి అనుకొంటారు. అనుకోనీ."

"మరి ఆ పెండ్లికొడుకు?"

"వాని మీద నిజంగానే అనుమానం ఉండె."

ఆయన కాగితం అడిగి తీసుకుని, మూడు చోట్లా సంతకం పెట్టి ఇచ్చారు. నేను తెర మీది పన్నెండు గడుల వైపు చూస్తున్నాను. ఒక్కో గడిలో ఒక్కో డ్రైవరు పేరు. ఇంగ్లీషు అక్షరాల్లో.

"లెక్క పెట్టొద్దప్పా," అన్నారు పిళ్ళప్ప గారు, నా వైపు చూడకుండానే.

నేనప్పటికి నాలుగో గడి దగ్గర ఉన్నాను. అక్కడితో ఆపేశాను.