మా అమ్మ గొంతు ఎవరి దగ్గరుంది?

అమ్మ పోయాక ఆమె గొంతు మా ఇంట్లో ఎక్కడా మిగల్లేదు. అంబాజీపేట దగ్గర మా పేట చర్చిలో క్వయిర్‌కి ముందుండి పాడేది తనే. ఒకసారి ఆ పాటల్ని క్యాసెట్టులో రికార్డు చేశారు. వరదకి ఇంట్లోకి నీళ్లొచ్చి మా క్యాసెట్టు పాడైపోయింది. హార్మోనియం వాయించే ఆయన కూతురు కాలేజీ రోజుల్లో తమ క్యాసెట్టుని కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఏదో నెట్‌వర్క్‌లో స్నేహితులకు పంచిందని మాత్రం విన్నాను. ఆమె దగ్గర ఇప్పుడు అదీ లేదు.

"ఇంటర్నెట్‌లో వెతికితే రాలేదంటే ఇంకెక్కడా లేనట్టే అక్కా, ఒదిలెయ్" అన్నాడు కంప్యూటర్ ఉద్యోగం చేసే తమ్ముడు. ఆ మాటకి నాకు ఒళ్లు మండింది. ఒదిలెయ్యడానికి అదేమన్నా తెగిన చెప్పా? నెట్‌వర్క్ పేరు హార్మోనియం ఆయన కూతుర్నే అడిగి తెలుసుకుని నేనూ చేరాను.

అక్కడ అందరి ఫైళ్లూ దాచే పెద్ద కంప్యూటర్ అంటూ ఏదీ ఉండదు. మన కంప్యూటర్ తనకు తెలిసిన కొన్నింటిని అడుగుతుంది, అవి తమకు తెలిసినవాటిని అడుగుతాయి. కొంత దూరం పోయాక ఆ ప్రశ్న ఆగిపోతుంది. ఫైలు ఉన్నవాళ్లు ఆ వేళకి కంప్యూటర్ ఆన్ చేసి ఉంటేనే జవాబు వస్తుంది. అమ్మ ఎప్పుడూ పాడే పాట పల్లవి కొట్టి వెతికాను, చరణం కొట్టి వెతికాను. లేదు.

ఒక ఆదివారం ఆరాధనలో ఎప్పటిలాగే పాట నంబరు చెప్పారు, అందరం పుస్తకాలు తీశాం. అప్పుడు తట్టింది నా బుర్రకి. మావాళ్లు పాటని పల్లవితో ఎక్కడ పిలుస్తారు? అమ్మ కూడా పొయ్యి దగ్గర నంబరు చెప్పే ఎత్తుకునేది. ఆ ఫైలుకి పేరు పెట్టింది మా పేట అమ్మాయే కదా! ఇంటికొచ్చి అమ్మ పాట నంబరూ మా పేట పేరూ కొట్టాను. ఒకే ఒక్క కంప్యూటర్‌లో ఉంది.

ఫైలు సగం దిగాక ఆ కంప్యూటర్ మాయమైంది. నేను నాది ఆపలేదు. కరెంటు పోయినప్పుడల్లా తిట్టుకుంటూ మళ్లీ పెట్టాను. కొన్నాళ్లకి అది తిరిగొచ్చింది, మిగతా సగమూ దిగింది. హార్మోనియం అందుకోకముందే అమ్మ ఎత్తేసుకుంది. భోరున ఏడ్చాను.

వెంటనే నేనూ ఆ పాటని పంచడం మొదలుపెట్టాను. సంగతి తెలిసి చర్చి సంఘ పెద్ద ఒకాయన నేను పాఠాలు చెప్పే బడికే వచ్చారు.

"టీచరుగారూ, ఆ పాతది తీసెయ్యండి. స్టూడియోలో మంచి సింగర్లతో కొత్తగా చేయించేం కదండీ. అదేమో ఊడ్పుల్లో పాడినట్టుంది. బయటోళ్లు వింటే మనల్నేమనుకుంటారు?"

"ఆయ్, ఊడ్పుల్లోనే, వరి నాట్లేస్తూనే నేర్చుకుందండి మా అమ్మ. అనుకోనివ్వండి."

ఆయన మొహం మాడ్చుకుని, ఆపి తీరాలన్నారు. ఆపనన్నాను. అప్పటికే ఎవరెవరో నా దగ్గర్నుంచి తీసుకున్నారు. వాళ్లది ఏ ఊరో నాకు తెలియదు. వాళ్ల నుంచి ఇంకెందరికి చేరిందో ఆయనకీ తెలియదు. ఇక నేను ఆపినా మా అమ్మ ఆగదు.