మూత మీది బొట్టు

కాసులమ్మ మొగుడు పోలయ్య కలకత్తాలోని ఖిదిర్‌పూర్ ఓడరేవులో, ఓడ ఇంజను గదిలో ఆవిరి గొట్టం పేలి చనిపోయాడు. ఆవిరి వదిలే మీట బిగుసుకుపోయిందని ముందే ఎరిగినవాడు ఒకడున్నాడు. కూలీల మీది సర్దారు తిడతాడని వాడు నోరు మెదపలేదు. అప్పటినుంచి మూతపెట్టి బిగించి ఉడికించేది ఏదైనా ఆమెకు దడే. ఇంట్లోకి కుక్కరు రానివ్వలేదు. గంజి వార్చే అన్నం వండుతుంది.

అలాంటి మనిషికి అదే ఊళ్లో సాల్ట్ లేక్‌లోని ఒక పరిశోధనశాలలో గిన్నెలు కడిగే పని దొరికింది. తెలుగు మనిషని జయలక్ష్మి మేడమ్ పెట్టించింది. ఏటేటా కాంట్రాక్టు పొడిగించేదీ ఆవిడే. విమానం ఇంజను పక్కన పెట్టినా కరగని గట్టి ప్లాస్టిక్ మీద ఆవిడ పరిశోధన. మామూలుగా దాన్ని ఒంటికి చేటుచేసే ఘాటు ద్రావకాల్లో తయారు చేస్తారు. మేడమ్ ఒట్టి నీళ్లలో చేస్తుంది. మందపాటి తెల్ల గిన్నెల్లో నీళ్లూ రసాయనాలూ పోసి, మూతలు బిగించి, మైక్రోవేవ్ యంత్రంలో పెడుతుంది. బయటికి దారిలేని నీళ్లు మరిగే వేడిని దాటి ఇంకా వేడెక్కుతాయి. చివరికి అడుగున పసుపులాంటి పొడి తేరుతుంది. ఒత్తిడి మితిమీరితే ఆవిరి పోవడానికి ప్రతి మూత నడుమా సన్నని కన్నం ఉంటుంది.

"ఇంట కుక్కరుకు దడుసుకుంతావు, ఆపీసుల బాంబులు తోముతున్నావేటే?" అని పక్కింటి అమ్మన్నమ్మ ఎత్తిపొడిచేది. కాసులమ్మ నవ్వేది కాదు.

2009లో విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ రోజు కలకత్తాలో యంత్రాలకు సెలవు. ల్యాబులో పూజ చేసి, మిఠాయిలు పంచి, అందరూ పెందలాడే వెళ్లిపోయారు. యంత్రానికి సిందూరం పెట్టారు గాని గిన్నెల్ని ఎవరూ పట్టించుకోలేదు. కాసులమ్మ భయమంతా గిన్నెలతోనే. పసుపూ కుంకుమా రాలిపోకుండా ఇంటినుంచి తెచ్చిన గంజితో తడిపి, ఆరబెట్టిన మూతలన్నిటికీ సరిగ్గా నడుమ బొట్లు పెట్టి దణ్ణం పెట్టుకుంది. మర్నాడు అందరికంటే ముందొచ్చి కడిగేద్దామనుకుంది.

మర్నాడు దారిలో ఎర్రజెండాల ఊరేగింపు అడ్డొచ్చి బస్సు ఆగిపోయింది. ఆమె చేరేసరికి కడిగే బల్ల మీద మూతలు లేవు. యంత్రం గుర్రుమంటోంది. మేడమ్ దాని ముందే కూర్చుని తెర మీద అంకెలు చూస్తోంది.

కాసులమ్మకు అప్పుడు తట్టింది, బొట్టు పెట్టిన చోటే కన్నమని. ఎండిన గంజి రాయిలా బిగుస్తుందని వంటింట్లో రోజూ చూసేదే. చెబితే కాంట్రాక్టు పోతుంది. చెప్పకపోతే ఏమీ కాకపోవచ్చు. అలా అనుకున్న మనిషి వల్లనే పోలయ్య పోయాడు.

"అమ్మా, ఆపీయండి."

"ఏమైంది?"

"మూతలకి బొట్టెట్టినాను. గంజితోటి. కన్నాల మీదే ఎట్టీసినాను."

జయలక్ష్మి వెంటనే ఆపే మీట నొక్కి, ఆమె రెక్క పట్టుకుని వరండాలోకి లాగి తలుపు వేసింది. ఆపినంత మాత్రాన అయిపోలేదు. లోపలి ఆవిరి చల్లారేదాకా గిన్నెలు ముట్టకూడదు. తెర మీద కనిపించే ఒత్తిడి ఒక్క గిన్నెదేనట. మిగతావి ఎలా ఉన్నాయో ఎవరికీ తెలియదు. పొద్దున మూతలు బిగించి గిన్నెలు పేర్చిన విద్యార్థిని కూడా వరండాలోనే గోడకు ఆనుకుని ఏడుస్తోంది. బొట్లు చూసిందట. పూజ బొట్టు తుడవడానికి చేతులు రాలేదట.

తలుపు అవతల చిన్న చప్పుడు కాగానే ముగ్గురూ తలుపుకు దూరంగా జరిగారు. అది యంత్రంలోని పంకా అని మేడమ్ చెప్పింది.

ఏదీ పేలలేదు. బాగా చల్లారాక మూతలు విప్పితే కొన్ని కన్నాల్లోకి సూది కూడా దిగలేదు. రసాయనాలన్నీ పారబోశారు. కాసులమ్మ సంచీ సర్దుకుని గుమ్మంలో నిలబడింది.

"ఎక్కడికి?" అంది జయలక్ష్మి. "ఈ మూతలు ఎవరు కడుగుతారు? వచ్చే ఏడు బొట్టు నాకు పెట్టు. వీటి జోలికి రాకు."

కాసులమ్మ ఇప్పటికీ అక్కడే పనిచేస్తోంది. భయం పోలేదు. మూత కడిగి ఆరబెట్టాక పెదవులకు ఆనించి కన్నంలోంచి ఊదుతుంది. అవతల పెట్టుకున్న అరచేతికి గాలి తగిలితేనే ఆ మూత మేడమ్ చేతికిస్తుంది.