సారమ్మ వాటా

సూర్యాపేట దవాఖానలో మంత్రసాని సారమ్మ. మొగుడు పోయి చాలా ఏళ్లయింది, పిల్లలు లేరు. ఊళ్లో ఎందరో ఆమె చేతుల్లో పుట్టారు గానీ, పొద్దుగూకి ఇల్లు చేరితే పలకరించే మనిషి లేడు. తనవాడంటూ ఉన్నది మిర్యాలగూడలో బియ్యం మిల్లు కూలీగా చేసే తమ్ముడు మట్టయ్య ఒక్కడే.

వాళ్ల నాయన పట్నంలో బట్టల మిల్లు బాయిలర్ దగ్గర బతుకు వెళ్లదీసి, కూడబెట్టిన సొమ్ముతో ఆ మిల్లువే వాటాలు కొన్నాడు. పోయేముందు ఇద్దరికీ చెరిసగం పంచాడు.

నలభై ఎనిమిది వానాకాలంలో బొగ్గు రాక బట్టల మిల్లు మూతబడింది. రాజ్యం ఎవరిదవుతుందో తెలియని రోజులు. వాటాల ధర నిలువునా కూలింది. మట్టయ్య ఆదరాబాదరాగా వచ్చాడు.

"అక్కా, ఇద్దరియి కలిపి ఇస్తె మా బియ్యం మిల్లు సేటు జర మంచి ధర కడ్తనన్నడు. రేపటికి అది గూడ ఉండదు. అమ్మేద్దాం."

"మిల్లు ఏడికి పోతది తమ్మీ? గోడలున్నయి, మగ్గాలున్నయి. జనం బట్ట కట్టుడు మానుతరా? జర ఓపిక వట్టు."

"నీకేంది, ఒక్క కడుపు! నాకు నలుగురు పిల్లలు."

సారమ్మ తన కాగితాలు పెట్టెలో పెట్టి తాళం వేసింది. ఆ ఒక్క మాట అనకుండా ఉంటే ఇచ్చేసేదేమో. మట్టయ్య తన సగాన్ని సేటు అడిగినంతకు, చవగ్గా వదిలించుకున్నాడు. అక్క వల్లే నష్టపోయానని రాకపోకలు మానేశాడు.

ధర ఇంకా పడింది. సారమ్మకూ గుండె జారి, ఒకనాడు కాగితాలు కొంగున కట్టుకుని కోదాడ పోయింది. అక్కడి వర్తకుడు వాటిని తిరగేసి, "ఇంత తక్కువ ధరకి అమ్ముకోవటం కన్నా దాచుకోవటం మేలమ్మా," అన్నాడు. ఆ నడిబజారులో తన మేలు కోరి మాట్లాడిన ఆ ముక్కూమొహం తెలియని మనిషిని చూసి ఆమెకు కళ్లు చెమర్చాయి. వెనక్కి వచ్చేసింది.

రాజ్యం మారింది. కొన్నాళ్లకు మిల్లు తెరిచారు. మరుసటేడు వాటాల ధర మునుపటి ధరను దాటి పైకి పోయింది. ఆ సంగతి చెప్పుకోవడానికి ఎవరూ లేక, సారమ్మ మిర్యాలగూడ బస్సెక్కింది.

"నా దాంట్ల సగం నీది తమ్మీ," అంది గడపలోనే నిలబడి.

"నీ ఓపిక నీది, నా తొందర నాది. నాకొద్దు," అని మట్టయ్య కండువా దులుపుకుని పనికి పోయాడు. మరదలు బుచ్చమ్మ అన్నం పెట్టింది. పిల్లలు దూరంగా నిలబడి, కొత్త మనిషిని చూసినట్టు చూశారు. తన అంచనా తప్పయినా బాగుండేదనిపించింది సారమ్మకు.

వారం తిరక్కుండా సూర్యాపేటలోనే వాటాలు అమ్మేసింది.

"ఇంకా పెరుగుతదమ్మా, ఉంచుకోరాదూ?" అన్నాడు కొన్నాయన.

"ఎవలి కోసం?" అంది సారమ్మ. దవాఖానలో నొప్పులు పడుతున్న మనిషి ఉందని గుర్తొచ్చి, గబగబా నడిచింది.