పెనం దగ్గర నోట్లో వేసుకున్నది

ముందు పోయినవి చెబుతాను. ఎడమ కాలి వేళ్లు రెండు. దవడ పళ్లు నాలుగు. కుడి కంటి చూపు సగానికి పైగా. ఒళ్లు ఎంత తగ్గిందో తూచలేదు గాని, పాత చొక్కాలో ఇంకో మనిషి పట్టేవాడు. ఆఖరున, చిన్నప్పటినుంచీ చేసిన పని.

ఇవన్నీ మా ఆయనవి. కొత్తవలస చుట్టుపక్కల చెరకు రైతులకు ఆయన బెల్లం వండిపెట్టేవారు. పందొమ్మిది వందల అరవైల చివర్లో పట్నం పెద్దాసుపత్రిలో చక్కెర జబ్బని తేలింది. డాక్టరు మూత్రాన్ని నీలం మందులో కాచి చూపించాడు. ఇటుక రంగు తిరిగింది. జబ్బు తగ్గుతుంటే అది నీలంగానే ఉండాలట. పంచదారైనా బెల్లమైనా ఒంటికి ఒకటేననీ, బొత్తిగా మానలేకపోతే రోజుకు ఒక్క చెంచా దాటొద్దనీ, దాటితే కాలు దక్కదనీ చెప్పాడు.

నేను బడికి వెళ్లలేదు. ధాన్యం కుంచాలు కొలిచి కొలిచి లెక్క పట్టుబడింది. ఇదీ కొలతే కదా అనుకున్నాను. చోడి అంబలిలో బెల్లం ముక్క మాన్పించాను. ఇంటికొచ్చిన అరిసెలు పక్కింటికి పంపేశాను. పొద్దుటి టీలో ఒక్క చెంచా, అదీ అంచుకు సమంగా గీసిన గీటు చెంచా. నెల తిరిగాక ఆసుపత్రికి వెళితే గాజు గొట్టంలో మళ్లీ ఇటుక రంగే.

తిరుగు రైల్లో అడిగాను. "దొంగతిండి తింటన్నావా బావా?"

"పంచదార డబ్బా తాళం నీ కొంగునే ఉన్నాది. నానేటి తింటానే, గోడ సున్నమా?" అన్నారు.

అబద్ధం కాదు. మర్నాడు అన్నం పట్టుకెళ్లి బెల్లం వండే పెద్ద పెనం దగ్గర కూర్చున్నాను. ఆయన ఉడుకుతున్న పాకం గరిటెతో తీసి, చన్నీళ్లలో వేసి, వేళ్లతో ఉండ చేసి నోట్లో వేసుకున్నారు. పంటికి అంటుకుంటే ఇంకా ఉడకాలి, పుటుక్కున విరిగితే దించాలి. పెనానికి ఐదు ఉండలు. రోజుకు నాలుగు పెనాలు.

"మరి ఇది తినడం కాదా?"

"ఇది పని. పనిని ఎవులైనా తింటారేటే?"

"ఉమ్మేయొచ్చు కదా."

పొయ్యిలోకి చెరకు పిప్పి ఎగదోస్తున్న రైతు నవ్వాడు. "బలే సెప్పావు వదినా. పెనం ముందర పాకం ఉమ్మినోడికి మళ్లీ సెరుకు ఎవుడిస్తాడు?"

నవ్వుతూ అన్నా అక్కడ అదే కట్టుబాటు. ఉమ్మితే ఆ ఏడు బెల్లం నిలవదని వాళ్ల నమ్మకం. మా ఆయన నమ్మకమూ అదే. నాతో వాదించే ఓపిక ఆయనకు లేదు, వినిపించే ఓపిక నాకూ లేకపోయింది. పని మానితే తిండి లేదు. ఆ గానుగ కాలం అలాగే లాక్కొచ్చారు. ఎండలు ముదిరేసరికి వేళ్లు నల్లబడ్డాయి. ఆసుపత్రిలో తీసేశారు. పొయ్యి సెగకు ఆ కాలు ఇక ఆగలేదు.

ఇంటిపట్టున కూర్చున్న మొదటి రోజే టీ గ్లాసు వెనక్కి తోశారు.

"ఆ సెంచా కూడా వొద్దు. నీ దగ్గర దాసి ఉంచు. మందు నీలంగా నిలిసినాడు అన్నీ ఒక్కసారే పెడుదువు."

"వడ్డీ అడగవు కదా బావా?"

"వడ్డీకి అరిసెలు పెట్టు."

మందు ఒకసారి ఆకుపచ్చ దాకా వచ్చింది. నీలంగా నిలవలేదు. ఆయన పోయే రోజు వరకూ నేను రోజుకొకటి చొప్పున లెక్కలో కలుపుతూ వచ్చాను. వడ్డీ వేయకుండా, ఈనాటికీ ఆయనకు నా బాకీ వెయ్యీ నూట పద్నాలుగు చెంచాలు.